రైతు పౌరుడయ్యాడు, మరి పాలేరు?

వలసపాలన నుండి బయటపడిన దేశాల్లో పాలితులు పౌరులయ్యారా, కాలేదా అన్న ప్రశ్న మీద గత ముప్ఫై ఏళ్లలో చాలా పుస్తకాలు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం ప్రశ్నను ఒకే తీరుగా అడుగుతాయి. రాజ్యం ఒక పక్క, ప్రజలు ఒక పక్క. రాజ్యం ఏం ఇచ్చింది, ఏం ఎగ్గొట్టింది, ప్రజలు దాని మెడ ఎంతవరకు వంచగలిగారు. చర్చంతా ఈ రెంటి మధ్యనే నడుస్తుంది. కృష్ణా డెల్టాలో మాలపల్లెల్లో, మాదిగగూడేల్లో పుట్టి, ఇంటికి మొదటిసారిగా విశ్వవిద్యాలయం పట్టా తెచ్చిన మాలాంటి వాళ్లం ఈ పుస్తకాలు చదివినప్పుడు ఒక మనిషి అందులో కనబడటం లేదని గమనించాం. రాజ్యానికీ మా పల్లెకూ నడుమ ఎప్పుడూ ఒకడు నిలబడి వుంటాడు. ఒకప్పుడు జమీందారు ఠాణా గుమాస్తా. తర్వాత మునసబు, కరణం. ఆ తర్వాత పట్టాదారు రైతు. మనిషి మారాడు గాని ఆ చోటు ఖాళీ కాలేదు. వాడు సంతకం పెడితేనే మా కాగితం ఆఫీసు మెట్లెక్కుతుంది.

ఈ వ్యాసంలో మేం చెప్పదలచింది ఇదే. కృష్ణా డెల్టాలో ప్రజాస్వామికీకరణ జరిగింది. జరగలేదని మేం అనటం లేదు. అది జమీందారు చేతిలోని అధికారాన్ని రైతు చేతికి తెచ్చింది. అక్కడితో ఆగింది. పాలేరు పౌరుడు కావటానికి రైతు సాక్ష్యం కావలసి వచ్చినంతకాలం ఆ పని సగంలో వున్నట్టే. ఈ మాటను చల్లపల్లి నుండి మొదలుపెట్టి పరిశీలిస్తాం. చల్లపల్లిని ఎంచుకోవటానికి కారణం వుంది. ఒకే నేల మీద జమీందారీ, జమీందారీ వ్యతిరేక పోరాటం, కమ్యూనిస్టు ఉద్యమం, కాలువ నీళ్ల సంపద, పంచాయతీ రాజకీయం అన్నీ చూసిన చోటు అది. పౌరసత్వ సిద్ధాంతం ఎక్కడైనా నిలబడాలంటే ముందు ఇక్కడ నిలబడాలి.

మూడు పుస్తకాలు, ఒక ఖాళీ

ముందు సిద్ధాంతాల సంగతి. టి.హెచ్. మార్షల్ 1949లో కేంబ్రిడ్జిలో చేసి 1950లో అచ్చువేసిన ఉపన్యాసాలు పౌరసత్వాన్ని మూడు మెట్లుగా చూపించాయి. ఇంగ్లండులో పద్ధెనిమిదో శతాబ్దంలో పౌర హక్కులు, పందొమ్మిదిలో రాజకీయ హక్కులు, ఇరవైలో సామాజిక హక్కులు వచ్చాయన్నాడు. ముందు మనిషి మీద చెయ్యి పడకుండా చట్టం రక్షణ, తర్వాత వోటు, తర్వాత చదువు, వైద్యం. మన పాఠ్యపుస్తకాల్లో పౌరశాస్త్రం ఈనాటికీ ఈ నిచ్చెన మీదే నడుస్తోంది.

మహమూద్ మందానీ 1996లో తెచ్చిన ‘సిటిజన్ అండ్ సబ్జెక్ట్’ ఆఫ్రికా గురించిన పుస్తకం. మాకు మాత్రం చాలా దగ్గరగా తగిలింది. వలస రాజ్యానికి రెండు ముఖాలున్నాయంటాడు. పట్టణంలో తెల్లవాడు చట్టం కింద పౌరుడు. పల్లెలో నల్లవాడు ఆచారం పేరుతో దొరతనం ముందు నిలబెట్టిన తెగ పెద్ద కింద పాలితుడు. భూమి పంచేదీ, తగువు తీర్చేదీ, శిక్ష వేసేదీ, వెట్టి చేయించేదీ ఆ పెద్దే. స్వాతంత్ర్యం వచ్చాక పట్టణంలో రంగుభేదం పోయింది, పల్లెలో పెద్ద అధికారం పోలేదు అని అతని తీర్పు. మా పల్లెల్లో ఎవరికి చదివి వినిపించినా ‘ఇది మనూరి సంగతే గదా’ అంటారు.

పార్థా ఛటర్జీ 2004లో ప్రచురించిన ‘ది పాలిటిక్స్ ఆఫ్ ది గవర్న్‌డ్’ మూడోది. హక్కుల భాష మాట్లాడే పౌర సమాజం కొద్దిమందిదేననీ, మిగిలిన జనం ప్రభుత్వ పథకాల జాబితాల్లో జనాభాగా మాత్రమే వుంటారనీ, వాళ్లు నాయకుల ద్వారా, గుంపుల ద్వారా బేరమాడి ఏదో ఒకటి సాధించుకుంటారనీ, ఆ చోటును రాజకీయ సమాజం అనాలనీ ఆయన ప్రతిపాదన. బెంగాల్లో రైలు పట్టాల పక్కన గుడిసెలేసుకున్నవాళ్లు ఆయన ఉదాహరణ.

మందానీ ‘పెద్ద’ను చూశాడు. ఆ పెద్ద వోట్లతో గెలిచి, రైతు సంఘం జెండా పట్టుకుని, అభ్యుదయ భాష మాట్లాడుతూ వచ్చినప్పుడు ఏమవుతుందన్నది అతని ఆఫ్రికాలో ఎదురైన ప్రశ్న కాదు. ఛటర్జీ బేరాన్ని చూశాడు. బేరం ఆడటానికి ఆఫీసు దాకా వెళ్లాలి. ఆ దారిలో ఎవరి పొలం గట్లు దాటాలి, ఎవరి గడపలో ముందు నిలబడాలి అన్నది చూడలేదు. రైలు పట్టాల పక్కన గుడిసె వేసుకున్నవాడికి ఎదురుగా వున్నది రైల్వే శాఖ. మా పల్లెకు ఎదురుగా వున్నది వూరు. ఆఫీసు ఆ వూరి వెనకాల ఎక్కడో వుంది. ఈ తేడా చిన్నది కాదు.

జమీందారీ పోయింది, కమతం మిగిలింది

చల్లపల్లి యార్లగడ్డ వంశపు జమీందారీ. దివి ప్రాంతంలో దాని పేరు చెబితేనే జనం లేచి నిలబడే కాలం ఒకటుండేది. 1855 నాటికి బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యి కాలువలు పారాక డెల్టాలో వరి పెరిగింది, భూమి విలువ పెరిగింది, వ్యవసాయ కులాల చేతిలో డబ్బు ఆడింది. చదువు, ముద్రణ, సంఘాలు, చివరికి రాజకీయం అక్కడి నుండే వచ్చాయి. కాలువ తవ్విన చేతులు, మడి దున్నిన చేతులు, నాట్లేసిన చేతులు మాత్రం ఆ డబ్బులో పాలేరు జీతంగా, కూలి గింజలుగా ఎంత దక్కితే అంతతో సరిపెట్టుకున్నాయి.

1930లలో, 40లలో జమీందారీల మీద రైతు ఉద్యమాలు లేచాయి. మునగాల, చల్లపల్లి పేర్లు ఆ చరిత్రలో మొదట చెప్పుకుంటారు. చల్లపల్లి పక్కనే వున్న మంగళాపురంలో 1914లో పుట్టిన చండ్ర రాజేశ్వరరావు తర్వాతి రోజుల్లో భారత కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి అయ్యారు. ఇంటి ముందే జమీందారు కోట, ఇంటి పక్కనే కమ్యూనిస్టు పార్టీ. జమీందారీ వ్యతిరేక పోరాటం గొప్పదనాన్ని మేం తక్కువ చెయ్యం. దెబ్బలు తిన్నవాళ్లలో, జైళ్లకు పోయినవాళ్లలో, ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లలో మా పల్లెలవాళ్లు వున్నారు. కూలిరేట్ల పోరాటాలు, అంటరానితనం మీద ప్రచారం కూడా ఆ ఉద్యమం చేసింది. నిడుమోలు నుండి శాసనసభకు వెళ్లిన గుంటూరు బాపనయ్య వంటి దళిత నాయకులు వ్యవసాయ కూలీల మధ్య బతికి పనిచేశారు.

అయితే ఆ పోరాటం చట్టంగా మారినప్పుడు ఏం జరిగిందో చూడాలి. మద్రాసు ప్రభుత్వం 1948లో ఎస్టేట్ల రద్దు, రైత్వారీ మార్పిడి చట్టం తెచ్చింది. దాని ప్రకారం జమీందారీలో శిస్తు కట్టి సాగు చేస్తున్న రైతుకు రైత్వారీ పట్టా వస్తుంది. జమీందారు సొంత కమతం కింద వున్న భూమికి జమీందారుకే పట్టా వస్తుంది. పోయిన ఎస్టేటుకు నష్టపరిహారం కూడా అతనికే వస్తుంది. ఇక పాలేరుకు? చట్టం కంటికి పాలేరు లేడు. అతను శిస్తు కట్టలేదు గాబట్టి రైతు కాడు. ఎస్టేటు వుండగా అతని పేరు జమీందారు లెక్కల్లో లేదు. ఎస్టేటు పోయాక తాసీల్దారు లెక్కల్లోనూ లేదు. భూమితో అతనికున్న సంబంధం పొద్దున నుండి సందేళ దాకా ఆ భూమిలోనే వుంది, కాగితంలో మాత్రం ఎక్కడా లేదు.

వలస పాలితుడు స్వతంత్ర పౌరుడుగా మారిన క్షణం ఏదని అడిగితే మన చరిత్రకారులు 1947 అంటారు, 1950 అంటారు. డెల్టా రైతుకు ఆ క్షణం పట్టా చేతికొచ్చిన రోజు. జమీందారు దివాణం ముందు చేతులు కట్టుకున్నోడు సర్కారు కాగితం మీద సొంత పేరు చూసుకున్నాడు. అక్కడి నుండి సహకార సంఘం అప్పు, చక్కెర మిల్లు వాటా, కాలేజీ కమిటీ, సమితి ప్రెసిడెంటు, అసెంబ్లీ టిక్కెట్టు వరుసగా వచ్చాయి. పట్టా అతని పౌరసత్వానికి పునాది. పాలేరు ఆ పునాది బయట నిలబడ్డాడు.

1956లో సెలిగ్ హారిసన్ ‘అమెరికన్ పొలిటికల్ సైన్స్ రివ్యూ’లో ఆంధ్ర కమ్యూనిస్టుల కులం గురించి రాసిన వ్యాసం చాలా పేరు పొందింది. డెల్టా రాజకీయాన్ని ప్రధానంగా కమ్మ, రెడ్డి కులాల పోటీగా చదివి చూపించాడు. కమ్యూనిస్టు మిత్రులకు ఆ వ్యాసం మీద కోపం ఇప్పటికీ చల్లారలేదు. మా అభ్యంతరం వేరు. కులం చూడటం తప్పని మేం అనం. కులాన్ని అతను నాయకత్వం మీద పోటీగా చూశాడు. ఒక కులం చేతిలో భూమి, ఇంకొక కులం చేతిలో కొడవలి వుండటం అనే రోజువారీ సంబంధంగా చూసి వుంటే, ఆ రెండు పెద్ద కులాల్లో ఎవరు గెలిచినా పల్లెకు మారేదేమిటన్న ప్రశ్న వచ్చి వుండేది.

వోటు ముందొచ్చింది, నీళ్లు రాలేదు

మార్షల్ నిచ్చెనను డెల్టాలో తలకిందులుగా వేశారు. ఇక్కడ రాజకీయ హక్కు ముందొచ్చింది. 1935 చట్టం కింద ఆస్తి, పన్ను, చదువు వున్నవాళ్లకే వోటుండేది. 1952లో మొదటిసారి ప్రతి వయోజన మాల, మాదిగ, రెల్లి స్త్రీ పురుషుడూ బూతుకు వెళ్లి వోటేశారు. పట్టాదారు వోటూ, పాలేరు వోటూ ఒకే పెట్టెలో ఒకే బరువుతో పడ్డాయి. ఇది మామూలు సంగతి కాదు. అయితే అదే పాలేరుకు అదే సాయంత్రం వూరి బావి దగ్గర చేద వెయ్యటానికి వీల్లేదు. అంబేడ్కర్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో హెచ్చరించింది ఈ వైరుధ్యం గురించే. రాజకీయాల్లో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత్వం పక్కపక్కన ఎంతోకాలం నిలవవన్నారు.

నిలిపి వుంచటానికి డెల్టాలో ఏం చేశారో తేదీలతో చెప్పవచ్చు. 1968 ఫిబ్రవరిలో, అప్పుడు కృష్ణా జిల్లాలో వుండిన కంచికచర్లలో, దొంగతనం అంటగట్టి కోటేశు అనే దళిత యువకుణ్ణి కట్టేసి సజీవంగా తగలబెట్టారు. ఆరోపణ వుంటే పోలీసుస్టేషను వుంది, కోర్టు వుంది. అవి పౌరుడికి. పాలేరు మీద తీర్పు వూళ్లోనే అయిపోతుంది. మందానీ చెప్పిన ‘పెద్ద’ చేతిలోని శిక్షాధికారం ఇదే. కాకపోతే ఇక్కడ దాన్ని ఏ వలస ప్రభుత్వమూ రాసి ఇవ్వలేదు. భూమి ఇచ్చింది, సంఖ్య ఇచ్చింది, మౌనంగా వున్న స్టేషను ఇచ్చింది.

కృష్ణ దాటి దక్షిణానికి వెళితే అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడు. 1985 జూలై 17. అక్కడ గొడవ మొదలైంది మాదిగలు తాగే చెరువు నీళ్ల దగ్గర. నీళ్లు పాడుచేస్తున్నారని అడ్డుపడిన మాదిగ మహిళ బిందె ఎత్తింది. ఆరుగురు చనిపోయారు. ఆడవాళ్ల మీద అత్యాచారాలు జరిగాయి. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మందిని చంపారు. అక్కడ మొదలు సినిమా హాలులో కాలు తగిలిందన్న తగాదా. చెరువు, సినిమా హాలు. మార్షల్ లెక్క ప్రకారం ఈ మెట్లు వోటు కంటే ఒక శతాబ్దం ముందే ఎక్కి వుండాలి. మాకు వోటొచ్చిన ముప్ఫై మూడేళ్లకు చెరువు దగ్గర ప్రాణాలు పోయాయి. వోటు విలువ లేనిది కాబట్టి ఇలా జరిగిందనుకోవటం పొరపాటు. వోటుతో మా పిల్లలు బడికి పోయారు, ఉద్యోగం చేశారు, టిక్కెట్టు కొని సినిమా హాల్లో పక్క కుర్చీలో కూచున్నారు. ఆ కూచోవటాన్ని సహించలేక జరిగిన హత్యాకాండలు ఇవి.

సంతకం ఎవరిది?

1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. తరతరాల గ్రామాధికారం ఒక ఆర్డినెన్సుతో పోయింది. ఆ తర్వాత మండలాలు వచ్చాయి. 1992లో 73వ రాజ్యాంగ సవరణ, 1994లో రాష్ట్ర పంచాయతీరాజ్ చట్టం వచ్చి దళితులకు, స్త్రీలకు సర్పంచి పదవులు కేటాయించాయి. కాగితం మీద మధ్యలో నిలబడే మనిషి తొలగిపోయాడు. పల్లెకూ రాజ్యానికీ మధ్య ఇక అడ్డం లేదు.

నిజంగా లేదా? మూడు కాగితాలు తీసి చూద్దాం.

మొదటిది పట్టా. పట్టా అన్న మాట ఒకటే గాని డెల్టాలో పట్టాలు రెండు రకాలు. రైతుది సొంత పట్టా. అమ్ముతాడు, తాకట్టు పెడతాడు, పిల్లల పేర రాస్తాడు. దళితుడికి సర్కారు బంజరులోనో లంకలోనో ఇచ్చేది డి-పట్టా, అంటే షరతుల పట్టా. పేదల చేతి నుండి భూమి జారిపోకుండా 1977లో అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం తెచ్చారు. చట్టం అవసరమైనదే. కానీ అదే షరతు, ప్రభుత్వం భూమి కావాలనుకున్న రోజున దళితుడి భూమి ధర తగ్గించే సాకయింది. 2004లో హైకోర్టు విస్తృత ధర్మాసనం అసైన్డ్ భూమి తీసుకున్నా పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలని చెప్పింది. అయినా 2015లో, బెజవాడ ఎదుట కృష్ణ అవతలి ఒడ్డున అమరావతి రాజధానికి భూ సమీకరణ చేసినప్పుడు, పట్టాదారు ఎకరానికి ఇస్తామన్న స్థలం కంటే అసైన్డ్ రైతు ఎకరానికి ఇస్తామన్న స్థలం తక్కువ. ఒకే నది, ఒకే మట్టి, ఒకే పంట. పౌరులు రెండు రకాలు గనుక ధరలు రెండు. 2023లో చట్టాన్ని సవరించి ఇరవై ఏళ్లు నిండిన అసైన్డ్ భూములకు యాజమాన్య హక్కు ఇచ్చారు. సమానత్వం అని సంతోషించే ముందు, అప్పుల్లో వున్నోడికి అమ్ముకునే హక్కు ఇస్తే కొనేవాడెవడో కూడా లెక్క చూసుకోవాలి.

రెండోది కౌలు కార్డు. డెల్టాలో దున్నేవోడు ఎక్కువగా కౌలుదారు. ఎకరానికి ఇన్ని బస్తాలని నోటిమాట మీద ఒప్పందం. సార్వా వరి కౌలుకు పోతే, తర్వాత వేసే మినుములో ఏమన్నా మిగిలితే అదే అతని సంపాదన. గాలివాన వస్తే నష్టపరిహారం పట్టాదారు పేర వస్తుంది. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమలో వేలమంది పోయారు. అప్పటి నుండి ఇప్పటిదాకా ప్రతి తుఫాను తర్వాతా ఇదే ప్రశ్న: పోయిన పంట ఎవరిది? 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టం కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇస్తానంది. 2019లో దాని స్థానంలో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం పదకొండు నెలల ఒప్పంద పత్రం పెట్టింది. ఆ పత్రం మీద భూయజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం. అడిగితే వచ్చే ఏడు కౌలు పోతుందేమోనని కౌలుదారు భయం. ఈ రెండు భయాల మధ్య కార్డు రాదు. కార్డు లేకపోతే బ్యాంకు అప్పు లేదు, పంట నమోదు లేదు, పరిహారం లేదు.

ఈ చట్టంలో దళితుడికి వ్యతిరేకంగా ఒక్క అక్షరం లేదు. కులం పేరే లేదు. అయినా రాజ్యం తాను గుర్తించాల్సిన మనిషిని గుర్తించే పని తీసుకెళ్లి పట్టాదారు చేతిలో పెట్టింది. కరణాన్ని 1984లో ఇంటికి పంపారు, నిజమే. 2019లో ప్రతి భూయజమానినీ తన కౌలుదారుకు కరణంగా నియమించారు.

మూడోది కులధ్రువీకరణ పత్రం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులు బయటే వున్నారు. బందరు కేంద్రంగా 1841 నుండి మిషనరీలు పనిచేసిన జిల్లా ఇది. దళిత పల్లెల్లో చర్చి లేనిదెక్కడ? బడి రిజిస్టరులో ఒక పేరు, చర్చిలో ఒక పేరు పెట్టుకుని బతకటం మా జనానికి అలవాటైంది. మిగతా పౌరులకు మతస్వేచ్ఛ రాజ్యాంగం ఇచ్చిన హక్కు. మాకు మాత్రం దాని వెల కులపత్రం. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ఒక పాస్టరు పెట్టిన కేసు కొట్టివేస్తూ, క్రైస్తవం స్వీకరించినవాడు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ కోరలేడని తీర్పు చెప్పింది. కొట్టినోడు కులం చూసి కొడతాడు. దెబ్బ తిన్నోడిని మాత్రం చట్టం మతం అడుగుతుంది. వూరు మావాణ్ణి ఏ పేరుతో పిలుస్తుందో, ఏ గ్లాసులో టీ పోస్తుందో ఆ సాక్ష్యం కోర్టుకు చాలలేదు.

ఇక రిజర్వుడు సర్పంచి. పదవి వచ్చింది, విలువైనదే. గెలిచి, పట్టుదలగా పనిచేసి, రోడ్డు వేయించి, నీళ్లు తెప్పించిన దళిత సర్పంచులు, ముఖ్యంగా స్త్రీలు, వున్నారు. కానీ మెజారిటీ వోట్లు ఎవరివో, నామినేషను ఖర్చు ఎవరు పెట్టారో, ఆ సర్పంచి ఎవరి పొలంలో కూలికి పోతుందో చూడకుండా ఆమె సంతకం ఆమెదేనని చెప్పటం కుదరదు. 1932 పూనా ఒప్పందం నాటి చర్చ ఇంకా ముగియలేదు. మన ప్రతినిధిని ఎన్నుకునేది ఎవరు అన్న ప్రశ్న ఇప్పుడు పంచాయతీ వార్డు దాకా దిగి వచ్చింది.

పల్లె తనకు తాను కట్టుకున్న పౌరసత్వం

ఇంతవరకు చెప్పింది అంతా మా మీద జరిగిన చరిత్ర. మేం చేసిన చరిత్ర వేరే వుంది. సిద్ధాంతకర్తలు దాన్నే ఎక్కువగా వదిలేశారు.

1917 నవంబరులో బెజవాడలో పంచమ మహాజన సభ జరిగింది. హైదరాబాదు నుండి వచ్చిన భాగ్యరెడ్డివర్మ అధ్యక్షుడు. ఆ మూడు రోజులూ కనకదుర్గ గుడి తలుపులు మూసేశారని ఆ ఉద్యమ చరిత్ర రాసినవాళ్లు నమోదు చేశారు. సభ పంచమ అన్న పేరును తిరస్కరించి ఆది ఆంధ్ర అన్న పేరు తీసుకుంది. దీన్ని పేరు మార్పు తీర్మానంగా చదివి వదిలేస్తే నష్టపోతాం. పూర్తి స్వరాజ్యం తీర్మానానికి పన్నెండేళ్ల ముందు, ఇంకా వోటు లేని మనుషులు, తమను పిలిచే పేరును నిర్ణయించే హక్కు తమదేనన్నారు. ‘ఆంధ్ర’ అన్న జాతి పేరులో తమకు మొదటి వాటా వుందన్నారు. ఎవరి సాక్ష్యమూ అడగలేదు. తెలుగు నేల మీద పౌరసత్వం గురించిన మొదటి ప్రకటనల్లో దీన్ని చేర్చని చరిత్ర అసంపూర్ణ చరిత్ర.

ఆ సభ వూళ్లో జరగలేదు, పట్నంలో జరిగిందన్నది గమనించాలి. 1985లో కారంచేడు బాధితులు వూరు విడిచి చీరాల వచ్చారు. శిబిరంలో వుండి పోరాడారు. తిరిగి ఆ వూరి దయ మీద బతకటానికి పోలేదు. విజయనగర్ కాలనీ కట్టుకున్నారు. దళిత మహాసభ ఆ శిబిరం నుండి పుట్టింది. 1991లో చుండూరు జనం తెనాలి చేరారు. 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు చుండూరులోనే విచారించాలని పట్టుబట్టి సాధించారు. 2007 జూలై 31న ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. కోర్టును వూళ్లోకి నడిపించుకు రావటం అంటే ఏమిటి? తీర్పు చెప్పే చోటును రచ్చబండ నుండి లాగి రాజ్యాంగం కిందికి తేవటం. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడుదల చేసింది. ఆ తీర్పు పల్లెను ఓడించింది. పల్లె అడిగిన ప్రశ్నను ఓడించలేదు.

అంబేడ్కర్ 1947లో ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో మూడు సంగతులు కలిపి పెట్టారు: వ్యవసాయ భూమి రాజ్యానిది కావాలి, షెడ్యూల్డు కులాలకు వేరు గ్రామాలు కావాలి, సాంఘిక బహిష్కరణ నేరం కావాలి. వేరు గ్రామాల మాట విని చాలామంది ముక్కు మీద వేలేసుకుంటారు. చీరాల, తెనాలి శిబిరాలను పక్కన పెట్టి చదివితే ఆ ప్రతిపాదన అర్థమవుతుంది. భూమి, నీళ్లు, కూలి మూడూ ఒకే కులం చేతిలో వున్న చోట మధ్యవర్తిని తొలగించటానికి ఆయన చూపిన దారి అది. రాజ్యాంగంలో మొదటిది రాలేదు, రెండోది రాలేదు. మూడోది రాజ్యాంగంలోకి కాక తర్వాతి చట్టాల్లోకి వచ్చింది.

మన ఇంట్లో సంతకాలు

ఇక్కడితో ఆపితే మేం నిజాయితీగా వున్నట్టు కాదు. మధ్యలో నిలబడే మనిషి వూళ్లోనే కాదు, పల్లెలోనూ వుంటాడు. 1917 సభ ఇచ్చిన ఆది ఆంధ్ర పేరు కింద మాదిగలు సుఖంగా ఇమడలేదు. అరుంధతీయులమని వేరే చెప్పుకున్నారు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన దండోరా అడిగింది కూడా ఇదే: షెడ్యూల్డు కులాల పేరిట వచ్చిన వాటా మా ఇంటిదాకా ఎందుకు రాలేదు? 2004లో సుప్రీంకోర్టు వర్గీకరణ కొట్టేసింది. 2024 ఆగస్టు 1న అదే కోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఒప్పుకుంది. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 15 శాతాన్ని 1, 6.5, 7.5 శాతాలుగా మూడు గ్రూపులకు పంచింది. ఈ విషయంలో మాలల్లో వున్న కోపం, మాదిగల్లో వున్న కోపం రెండూ మాకు తెలుసు. కానీ పట్టాదారు సంతకం అక్కర్లేదని అడిగేవాళ్లం, పక్క గూడెం వాడు తన వాటా తన పేరున అడిగితే దాన్ని చీలిక అనలేం. అలాగే భర్త పేరున పట్టా, తండ్రి పేరున కౌలు, అన్న పేరున సంఘం వున్నంతకాలం నాట్లేసే మనిషి, కలుపు తీసే మనిషి, అంటే దళిత స్త్రీ, ఇద్దరు మధ్యవర్తుల కింద వుంటుంది.

కాబట్టి

ప్రజాస్వామికీకరణను ఎన్నికల సంఖ్యతో, పథకాల సంఖ్యతో కొలవటం మానాలని మా సూచన. ప్రతి చట్టాన్నీ, ప్రతి జీవోనూ, ప్రతి దరఖాస్తు ఫారాన్నీ ముందు పెట్టుకుని రెండు ప్రశ్నలు వెయ్యాలి. ఇందులో పల్లె మనిషి హక్కును ధ్రువపరచేది ఎవరు? ఆ ధ్రువపరచేవాడికి ఈ మనిషి బాకీ వున్నాడా, కూలికి పోతాడా, కౌలు కడతాడా? రెండో ప్రశ్నకు ‘అవును’ అనే సమాధానం వస్తే ఆ చట్టం పేరు ఎంత గొప్పదైనా అందులో జమీందారీ కొంత మిగిలే వుంది.

దీని నుండి వచ్చే కోరికలు ఆకాశంలోవి కావు. సాగు చేస్తున్నది ఎవరో పొలంలోకి వచ్చి చూసి రాజ్యమే రాసుకోవాలి, యజమాని సంతకం అక్కర్లేకుండా కౌలు కార్డు ఇవ్వాలి. అసైన్డ్ భూమికి పట్టా భూమితో సమానంగా వెల కట్టాలి. 2006లో కోనేరు రంగారావు కమిటీ దళితుల భూముల గురించి ఇచ్చిన నివేదికను బీరువాలోంచి తీయాలి. ఆ కమిటీకి పేరిచ్చిన నాయకుడు ఈ జిల్లా దళితుడే. 1950 ఉత్తర్వులోని మతం షరతు పోవాలి. అధ్యాపకులు, విద్యార్థులు చెయ్యవలసిన పని కూడా వుంది. చల్లపల్లి, ఘంటసాల, మోపిదేవి, అవనిగడ్డ మండలాల్లో ఒక్కో పల్లె తీసుకుని, ఎవరు ఏ భూమి ఎన్నేళ్లుగా దున్నుతున్నారో, ఎవరికి కార్డుందో, ఎవరికి లేదో, ఎందుకు లేదో వాళ్ల నోటి మాటగా రాయాలి. 1948లో పాలేరు పేరు ఏ దస్తరంలోనూ లేకపోవటం వల్లే చట్టం అతణ్ణి సులువుగా దాటి పోయింది. ఈసారి ఆ పేరు ముందుగా మన దస్తరంలో వుండాలి.